కోడి బన్నులూ, ఒప్పుకోలు కాగితమూ

ఉప్పు వేసిన జ్ఞాపకం ఉంది. కాని అది ఇవాళ్టి జ్ఞాపకమో, పోయిన నెలదో? పోయిన నెల మొదటి శనివారం కూడా ఇదే మూకుడు, ఇదే గరిటె, కిటికీలోంచి పొయ్యి మీద పడే ఇదే ఎండ. అప్పుడు వేసిన ఉప్పే ఇప్పుడు గుర్తుకొస్తోందేమో. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మనసు ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యంగా వచ్చి, ఏం జరిగిందని చేతుల్ని అడుగుతుంది. చేతులు చెప్పవు.

కృపమ్మ మూకుట్లోకి చూసింది. పొద్దున్నే ఉడకబెట్టి, ఎముకలు తీసి, పీచు పీచుగా చీల్చిన మూడు కోళ్ళ మాంసం, నేతిలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలతో కలిసి మగ్గుతోంది. అల్లం పడింది. దంచిన మిరియాలు పడ్డాయి. పక్క పొయ్యి మీద బెల్లం పాకం బుడగలు వేస్తోంది. అది పొయ్యాలి, దాని మీద ఒక గరిటెడు చింతపండు పులుసు. ముందు తీపి తగలాలి, తిన్నవాడు తీపే అనుకుంటూ ఉండగా వెనకనుంచి మిరియం రావాలి. ఏలూరు మిషను కాంపౌండులో టీచర్ల కుటుంబాలన్నీ నెలకోసారి టీకి కూడతాయి. కృపమ్మ కోడి బన్నులు లేకపోతే అది కూడికే కాదంటారు. ఇవాళ్టికి అరవై కావాలి.

ఇవాళ కూడా కావాలన్నారు. అదే ఆమెకి అంతుపట్టడం లేదు. నిన్న సాయంత్రం చర్చి వరండాలో సంఘపెద్దల ముందు అంత జరిగింది. అంతా అయ్యాక పాస్టరుగారి భార్య రాజరత్నమ్మగారు మెట్లదాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "రేపు బన్నులు మాత్రం ఎప్పటిలాగే చెయ్యమ్మా" అన్నారు. కృపమ్మ అలాగేనండీ అంది. ఆ అన్నది తన గొంతేనని ఇంటికి వచ్చేదాకా తెలియలేదు.

అప్పటినుంచీ ఏదీ తగలడం లేదు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం కోసం కాసేపు ఎదురుచూసింది, తాడేపల్లిగూడెం బస్సు కోసం చూసినట్టు. అదీ రాలేదు. రాత్రి నిద్ర మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. అందుకు ఆమెకి కొంచెం సిగ్గు వేసింది.

"పాకం ముదిరిపోతోందే అమ్మాయ్! అలా బొమ్మలా చూస్తావేం?"

అత్తగారు సూరమ్మ గడప మీద కూర్చుని చేటలో నువ్వులు చెరుగుతోంది. కలిదిండి అవతల కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. డెబ్భై ఏళ్ళొచ్చినా గొంతులో పడవవాళ్ళని పిలిచే జోరు పోలేదు.

కృపమ్మ పాకం దింపి మాంసం మీద పోసింది. ఒక చుక్క ఎగిరి మణికట్టు మీద పడింది. చూసుకుంది. ఎర్రబడుతోంది. నొప్పి ఉండవలసిన చోట ఎవరో తడిగుడ్డ కప్పినట్టుంది.

"కాలిందా?"

"కాలిందనుకుంటానండీ."

"అనుకోడమేంటే!" సూరమ్మ చేట పక్కన పెట్టింది. "పిండి ఎలా ఉంది?"

"పొంగింది."

"పొంగక ఏం చేస్తుంది? కల్లుగీసే తాతాజీని పొద్దున్నే దొడ్డి కంచె దగ్గర పట్టుకున్నాను. ఈ ఇంటికి ఇక కల్లు పొయ్యనండీ మామ్మగారూ, మాష్టారుగారి మొహం చూడలేనూ అన్నాడు. ఆయన మొహం నువ్వెందుకు చూడటం, నా మొహం చూసి పొయ్యరా అన్నాను. చెంగు కింద పెట్టుకుని తెచ్చాను." సూరమ్మ గొంతు తగ్గించింది. "కల్లు పొయ్యకపోతే అవి బన్నులా? గోడకి కొట్టుకునే పిడకలు."

కృపమ్మ మూకుట్లో గరిటె తిప్పింది. బుధవారం కూడా అంతే కల్లు. చిన్న ముంతెడు. మజ్జిగ కోసం వంటింట్లోకి వచ్చిన రాజరత్నమ్మగారు కుండల వెనక ఆ ముంతని చూశారు. వాసన చూశారు. మద్యనిషేధ సంఘం కార్యదర్శి ఇంట్లో కల్లు! రెండు రోజుల్లో కాంపౌండంతా పాకింది. నిన్న పెద్దలు పిలిచారు. కృపమ్మ ఆడవాళ్ళ చాప మీద కూర్చుని ఉంది. ఆ కార్యదర్శి, ఆమె భర్త దేవసహాయం లేచి, కోటు బొత్తాం పెట్టుకుని, నిదానంగా చెప్పాడు:

"ఆ బలహీనత నాది కాదండీ. ఆవిడది. రెండేళ్ళుగా నేనూ ఎరుగుదును. దిద్దుకోలేకపోయాను. ఆవిడ కోసం మీరంతా ప్రార్థించాలి."

ఆవిడ ఎవరా అని కృపమ్మ పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు.

"మా వాడికి చిన్నప్పట్నించీ ఇంతేలే," సూరమ్మ మళ్ళీ నువ్వుల్లో వేళ్ళు పెట్టింది. "ఎనిమిదేళ్ళప్పుడు పొరుగాళ్ళ తాటిముంజలు తినేసి, మేక తినేసిందన్నాడు. ఏడవలేదు, తడబడలేదు. ఎంత చక్కగా చెప్పాడంటే, మేకని పట్టుకుని కొట్టారు."

"ఇప్పుడా మేక నేనేనా అత్తయ్యా?"

"మేకకి నోరు లేదు." సూరమ్మ తలెత్తలేదు. "అయినా నేను మాత్రం ఏం అనగలను? వాడు నా కొడుకు."

పిండి ముద్దల్ని చిన్న నిమ్మకాయలంత ఉండలు చేసి, రేకు పళ్ళెంలో ఒకదానికొకటి ఆనించి పేర్చింది కృపమ్మ. విడివిడిగా పెడితే పక్కలు గట్టిపడతాయి. ఆనుకుని ఉంటే ఒకదాని మెత్తదనం ఒకటి కాపాడుతుంది. ఆ మాట అమ్మది. అమ్మ సలోమి మిషను దొరల బంగళాలో వంట చేసేది. దొరసానమ్మగారు పిండి పొంగే మందు డబ్బాల్లో మద్రాసునుంచి తెప్పించేవారు. ఏలూరు ఎండకి ఆ మందు డబ్బాలోనే చచ్చేది. రొట్టె రాయిలా వచ్చేది. ఒకరోజు అమ్మ పిండిలో కల్లు పోసింది. పోస్తుండగా దొరసానమ్మగారు తలుపు దగ్గరకి వచ్చి చూశారు. ఏమీ అనకుండా తలుపు మెల్లగా దగ్గరకి వేసి వెళ్ళిపోయారు. ఆ తలుపు మళ్ళీ ఎవరూ తియ్యలేదు. బంగళా రొట్టె, కూడిక బన్నులు, మొదటి ఆదివారం ప్రభువు బల్ల మీద పాస్టరుగారు ఎత్తి విరిచే రొట్టె, అన్నిటికీ అదే పిండి. అమ్మ పోయిన ఈ పదకొండేళ్ళూ కృపమ్మ చెయ్యే కలుపుతోంది.

రేపు మొదటి ఆదివారం.

*

మధ్యాహ్నం స్కూలు వదిలాక దేవసహాయం వచ్చాడు. వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. నిన్నటినుంచి ఆ గుమ్మం దాటలేదు, ఇంట్లో అన్నం ముట్టలేదు. మనిషి సన్నగా, శుభ్రంగా, గొడుగు మడత కూడా చెదరకుండా ఉన్నాడు.

"పిండి పొంగిందా?" అన్నాడు.

నిన్నటి తరవాత అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

"పొంగిందండీ."

"దేంతో?"

అతను తల్లి వైపు చూశాడు. సూరమ్మ నువ్వుల్లో రాయి వెతుకుతోంది.

"సరే. ఇదే ఆఖరు." అతను గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రం రాజరత్నమ్మగారు కాగితం తెస్తారు. నువ్వు నిలబడి ఏమీ చదవక్కర్లేదు. సంతకం పెడితే చాలు. పాస్టరు అయ్యగారే కూడికలో చదువుతారు. మూడు నెలలు రొట్టె తీసుకోడానికి బల్ల దగ్గరకి వెళ్ళకూడదు. అంతే. మూడు నెలలు ఎంతలో పోతాయి?"

"కాగితంలో ఏం రాశారండీ?"

"ఏం రాస్తారు? జరిగిందే."

"జరిగింది మీకు తెలుసు కదండీ."

దేవసహాయం గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కృపా, ఇలా చూడు. నిన్న నేను నిజం చెప్పానే అనుకో. ఆ ముంత పిండిలోకి అన్నాననుకో. ఏ పిండి అంటారు. బన్నుల పిండి అంటాను. మరి బల్ల రొట్టె అంటారు. అప్పుడు? పదకొండేళ్ళుగా వాళ్ళు ప్రభువు శరీరమని కళ్ళు మూసుకుని తీసుకున్నదాంట్లో కల్లుందని చెప్పమంటావా? మద్యం ముట్టనని ప్రమాణం చేసినవాళ్ళు మూడొందలమంది! కాంపౌండు బయట పేటలోవాళ్ళు ఎలా నవ్వుతారో తెలుసా? ఒక మనిషి సిగ్గు పెద్దదా, మూడొందలమంది సిగ్గు పెద్దదా?"

అతని మాటల్లో తప్పు ఎక్కడుందో ఆమె వెతికింది. స్కూల్లో లెక్క చేసి చూపించినట్టుంది. ప్రతి వరసా సరిగానే ఉంది.

"ఆ ఒక్క మనిషి నేనే ఎందుకయ్యానండీ?"

"నువ్వూ నేనూ వేరా?"

"అయితే ఆ బలహీనత మీదేనని మీరే అనచ్చుగా."

నువ్వుల్లో సూరమ్మ వేళ్ళు ఆగాయి. పొయ్యిలో కొబ్బరిచిప్ప ఒకటి చిటపటమంది.

"నాకు ఉద్యోగం ఉంది," అన్నాడు దేవసహాయం. అందులో కోపం లేదు. పిల్లవాడికి తెలియని సంగతి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "కార్యదర్శి పని ఉంది. రేపో మాపో హెడ్మాష్టరీ అంటున్నారు. నీకు పోడానికేముంది చెప్పు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. పోడానికి ఏముంది? ఇల్లు స్కూలువాళ్ళది. పేరు ఆయనది. పిల్లలు లేరు. బన్నులు తినేవాళ్ళవి. లోపల ఒక్కొక్క గదీ తెరిచి చూసుకుంటూ వెళ్ళింది. ఎక్కడా ఏమీ కనపడలేదు. అతను చెప్పింది నిజమేనేమో అనిపించింది. అలా అనిపించినందుకు కూడా బాధ కలగలేదు.

"అన్నం పెట్టనా అండీ?" అంది.

"ఆకలి లేదు."

అతను వెళ్ళి వరండాలో పడక్కుర్చీలో కూర్చున్నాడు. పేపరు విప్పిన చప్పుడయింది. కాగితం తిప్పిన చప్పుడు మాత్రం ఎంతకీ కాలేదు.

"మేకకి కూడా దెబ్బలు పడ్డాక ఇంత గడ్డి పెట్టారు," అంది సూరమ్మ, చేటతో.

*

పెరట్లో కిరసనాయిలు డబ్బా పడుకోబెట్టి చేసుకున్న పొయ్యి ఉంది. కింద నిప్పులు, డబ్బా మీద నిప్పులు. మూడు దఫాలుగా బన్నులు కాలాయి. ప్రతి దఫాకీ వాసన ముందు వరండాదాకా వెళ్ళింది. వరండాలో ఎవరో దగ్గారు.

అంటుకుని కాలిన బన్నుల్ని విడదియ్యకూడదు. పళ్ళెంలోంచి పలకలా మొత్తం ఒక్కసారే తీసింది. కత్తి పెడితే నలిగిపోతాయి. నూలు దారం రెండు చేతులకీ చుట్టుకుని, బన్నుల నడుం మీదుగా బిగించి, తనవైపు లాగింది. పైభాగాలన్నీ ఒక మూతలా లేచి వచ్చాయి. కింది భాగాల మీద కోడి కూర పరిచింది. తీపి, కారం, పులుపు కలిసి ఎర్రగా మెరుస్తోంది. మూత మళ్ళీ పెట్టింది. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన కోడి ఈకని కరిగిన వెన్నలో ముంచి పైన రాసింది. నువ్వులు చల్లి, మళ్ళీ ఒక్క నిమిషం సెగ చూపించింది.

చేతులకి ఈ పని ఎంత ఇష్టమో! యజమాని దివాలా తీసిన సంగతి తెలియని పనివాళ్ళలా, అవి ఎంతో శ్రద్ధగా చేసుకుపోతున్నాయి. ఆమె వాటిని దూరం నుంచి చూస్తోంది. వాటిని చూస్తే మాత్రం కొంచెం జాలి వేసింది. నిన్నటినుంచి వేసిన మొదటి జాలి అదే.

నాలుగింటికి రాజరత్నమ్మగారు వచ్చారు. తెల్లచీర, చేతిలో సంచి, మొహంలో నిజమైన దయ. ఆవిడ చెడ్డమనిషి కాదు. కాంపౌండులో ఎవరికి జ్వరం వచ్చినా ముందు పరిగెత్తేది ఆవిడే.

"వాసన మా గేటుదాకా వచ్చిందమ్మా!" అంటూ సరాసరి వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. వెనకనే దేవసహాయం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సూరమ్మ గడప మీద జరిగి చోటిచ్చింది.

"ఒకటి రుచి చూడండి అమ్మగారండీ," అంది సూరమ్మ. ఆ గొంతులో ఏముందో కృపమ్మకి తెలియలేదు.

"కూడికలో తింటానులెండి... సరే, ఒక్కటి." రాజరత్నమ్మగారు చివర ఉన్న బన్నుని విడదీసుకుని కొరికారు. కళ్ళు మూసుకున్నారు. "అబ్బ! దూది. నోట్లో ఉందో లేదో తెలియదు. మా ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఇలా పొంగవేం దేవసహాయంగారూ? ఏం చెయ్యో ఈవిడది!"

దేవసహాయం నవ్వాడు. పెదాలు మాత్రమే.

ఆవిడ వేళ్ళు తుడుచుకుని, సంచిలోంచి మడతపెట్టిన కాగితం, కలం తీశారు. దయగా కృపమ్మ చెయ్యి పట్టుకున్నారు. "భయపడకమ్మా. నువ్వొక్కదానివే కాదు, మనమంతా పాపులమే. ఇది అయిపోతే మనసు తేలికపడుతుంది."

కృపమ్మ కాగితం విప్పింది. బాలికల స్కూల్లో అయిదో తరగతిదాకా చదువుకున్న మనిషి. పెదాలు కదపకుండా చదవగలదు.

*నేను, ఉపాధ్యాయులైన దేవసహాయంగారి భార్యనగు కృపమ్మ, రహస్యముగా కల్లు త్రాగు అలవాటునకు లోబడితినని సంఘము ఎదుట ఒప్పుకొనుచున్నాను.*

"ఇంకొక సంగతి," రాజరత్నమ్మగారు కొంచెం ఇబ్బందిగా అన్నారు. "రేపటి బల్ల రొట్టె. పెద్దలు ఈ మూడు నెలలూ నీ చెయ్యి పడకూడదన్నారమ్మా. నువ్వేం అనుకోకు. నేనే కలుపుతానని చెప్పాను. మీ అమ్మ దగ్గర నేర్చిన పద్ధతి ఒకసారి చెప్పు. పిండిలో ఏం పోస్తావు?"

గుమ్మంలో గొడుగు కర్ర నేలకి తగిలింది.

"పాత పిండి ముద్ద ఒకటి దాస్తుందండీ," అన్నాడు దేవసహాయం, చక్కగా, తడబడకుండా. "దాన్ని కొత్త పిండిలో కలుపుతుంది. అంతేనండీ."

"అంతేనా? నేనూ అదే చేస్తానే!" రాజరత్నమ్మగారు నవ్వారు. "అయితే ఉన్నదంతా చేతిలోనే ఉందన్నమాట. ఆ ముద్ద కాస్త ఇస్తావా తల్లీ?"

ముద్ద లేదు. అదెప్పుడూ లేదు. రేపు ఆవిడ పిండి పొంగదు. రాయిలాంటి రొట్టె బల్ల మీదకి వెళ్తుంది. అప్పుడు మళ్ళీ ఎవరో ఎందుకని అడుగుతారు. ఆయన గుమ్మంలో నిలబడి మళ్ళీ ఏదో చెబుతాడు, ఇంకొక కాగితం వస్తుంది. కృపమ్మ ఈ వరసంతా దూరం నుంచి చూసింది. దానికి చివర కనపడలేదు.

"ఇవ్వు కృపా," అన్నాడు దేవసహాయం. "ముందు ఆ సంతకం కానీ. వేళవుతోంది."

సూరమ్మ కొడుకు మొహంలోకి చూసింది. తరవాత కోడలి చేతిలోకి చూసింది.

కృపమ్మ రెండో పీట మీద ఉన్న బన్నుల పళ్ళెం పక్కకి జరిపి చోటు చేసుకుంది. కాగితం పరిచింది. దాని మూల మీద వెన్న మరక పడింది. కలం అందుకుంది. *దేవసహాయంగారి భార్యనగు.* అది నిజం, ఉండనిచ్చింది. *రహస్యముగా.* అదీ నిజమే. *కల్లు.* అక్కడ కలం ఆగింది.

"సంతకం కిందమ్మా, కింద," అన్నారు రాజరత్నమ్మగారు.

కృపమ్మ *త్రాగు అలవాటునకు లోబడితినని* అన్నదాని మీద అడ్డంగా ఒక గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. దాని పైన, చోటు చాలక చిన్న చిన్న అక్షరాలతో, *పదకొండేళ్ళుగా బన్నుల పిండిలోను, బల్ల రొట్టె పిండిలోను కలిపితినని* అని రాసింది. కింద పేరు రాసి, తడి ఆరేదాకా ఊది, కాగితాన్ని తిప్పి రాజరత్నమ్మగారి ముందు పెట్టింది.